పరభాషా చలనచిత్రములపై స్థిరముగా నిలుచు తెలుగు ఉపశీర్షికలు: ఒక పరిశీలనము

చలనచిత్రమునందలి పరభాషా సంభాషణమును ప్రేక్షకుల భాషలోనికి మార్చి బొమ్మ అడుగుభాగమున అక్షరరూపమున చూపుటకు ఉపశీర్షికారచన యని పేరు. వాడుకలో దీనినే సబ్‌టైటిల్ అందురు. ఇది రెండు విధములు. మొదటిదానియందు అక్షరములు చిత్రముతో కలియక, ప్రత్యేకమైన పాఠముగా నుండి, చూపునప్పుడు మాత్రమే యంత్రముచే తెరపై వ్రాయబడును, వలదనుకొన్న తీసివేయవచ్చును. రెండవదానియందు అక్షరములు చిత్రములోనే లీనమై, బొమ్మలో భాగమై, ఎన్నటికిని విడదీయరానివగును. మొదటిది మూలమునకు వేఱు పొత్తమున వ్రాసిన టీక వంటిది. రెండవది శాసనము వంటిది. తాటాకు మీది తప్పును మఱియొక ప్రతి వ్రాయునపుడు దిద్దుకొనవచ్చును గాని ఱాతిమీది తప్పు ఱాతితోనే యుండును.

ఈ రెండవ విధమును గూర్చి తెలుగు శాఖ పత్రికలో వ్రాయవలసిన పని యేమని కొందఱు అడుగవచ్చును. ఇది యంత్రవిద్యకు చెందినదని మేమును మొదట తలంచితిమి. దేవరుప్పుల మండలములోని ఒక గ్రామమున జరిగిన ప్రదర్శనము మా యభిప్రాయమును మార్చినది.

దేవరుప్పుల 2016వ సంవత్సరము వఱకు వరంగల్లు జిల్లాలో నుండి, ఆ యేటి పునర్విభజనతో జనగామ జిల్లాలో చేరినది. 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడివెండి ఈ మండలములోనిదే. ప్రక్కనున్న పాలకుర్తి సోమనాథుని పేరుతోను, బమ్మెర పోతన పేరుతోను ముడివడియున్నవని మా పాఠకులకు చెప్పనక్కఱలేదు. అట్టి చోట పెద్దలకు, పిల్లలకు కలిపి ఒక ఇటలీ చిత్రము చూపవలెనని మేము సంకల్పించితిమి. ఎన్నుకొన్నది విత్తోరియో దె సీకా 1948లో తీసిన చిత్రము. గోడపత్రికలు అతికించు కొలువు దొరికిన పేదవాడు, ఆ కొలువునకు ఆధారమైన సైకిలును పోగొట్టుకొని, కొడుకు చేయి పట్టుకొని రోము నగరమంతయు వెదకుట అందలి కథ. దుప్పట్లు తాకట్టుపెట్టి సైకిలు విడిపించుకొను కుటుంబమును అర్థము చేసికొనుటకు దేవరుప్పులవారికి ఇటలీ చరిత్ర తెలిసియుండనక్కఱలేదు. భాష యొక్కటియే అడ్డము.

మేము తెలుగు పాఠమును సిద్ధపఱచి, చిత్రముతోపాటు వేఱుగా నుంచి, శాఖలోని కంప్యూటరుపై చూచుకొంటిమి. చక్కగా నుండెను. గ్రామమునందలి ప్రొజెక్టరు తనలోనే ప్రదర్శనసాధనము గలది. పెన్‌డ్రైవు తగిలించిన చాలును. తగిలించితిమి. బొమ్మ వచ్చినది, ధ్వని వచ్చినది, అక్షరముల చోట వరుసగా చతురస్రములు వచ్చినవి. ఆ సాధనమునకు తెలుగు ఫాంటు లేదు. ఆ సాయంకాలము మాలో నొకరు తెర ప్రక్కన నిలిచి చిత్రమంతయు చదివి వినిపింపవలసి వచ్చెను. మూకీచిత్రముల కాలమున మన దేశమునందలి ప్రదర్శనశాలలలో ఇట్లు చదువువారు ఉండెడివారు. 1913 నాటి ‘రాజా హరిశ్చంద్ర’లో ఇంగ్లీషు, హిందీ పలకలుండెను, అవి చదువలేనివారికి ఆ చదువరియే దిక్కు. నూఱేండ్ల వెనుకటి పద్ధతి మాకు ఆ రాత్రి మరల అక్కఱకు వచ్చినది.

చూపు యంత్రము ఎట్టిదైనను అక్షరములు చెడకుండవలెనన్నచో వానిని బొమ్మలోనే చేర్చుట తప్ప మార్గము లేదు. ఇది క్రొత్త ఊహ గాదు. 1929 జనవరిలో ‘జాజ్ సింగర్’ను పారిస్‌లో చూపినప్పుడు దానికి ఫ్రెంచి ఉపశీర్షికలుండెను. 1930 తరువాతి సంవత్సరములలో నార్వేలోను, హంగేరీలోను ఫిల్ముపైననే అక్షరములు ముద్రించు ఉపాయములు వెలసినవి. ఫిల్ముపై పలుచని మైనపు పూత పూసి, వేడిచేసిన అచ్చుపలకతో అక్షరములున్నచోట ఆ పూతను తొలగించి, పిదప రసాయనములో ముంచినచో, మైనము లేనిచోట ఫిల్ము తెల్లబడి అక్షరము నిలుచును. 1988 నుండి పారిస్‌లో లేసరు కిరణముచే అక్షరములు చెక్కు పద్ధతి వచ్చినది. నేడు సంఖ్యారూప చిత్రములపై చేయు పని కూడ స్వభావమున అదియే. ఈ పనివారు దీనిని ‘కాల్చుట’ యని ఇంగ్లీషును అనుసరించి పలుకుచున్నారు. మేము ‘అచ్చొత్తుట’ అందుము.

ఇక ఈ అచ్చొత్తుట ఎప్పుడు జరుగునో చూతము. ఎం.పి.4, ఎం.కె.వి. అనునవి చిత్రములు గావు, పెట్టెలు. పెట్టెలో బొమ్మలధార యొకటి, ధ్వనిధార యొకటి, పాఠధార యుండిన అదియొకటి వేఱువేఱుగా నుండును. బొమ్మలధార హెచ్.264 వంటి సంక్షేపవిధానముచే కుదింపబడియుండును. ఒక పెట్టెనుండి వేఱొక పెట్టెకు మార్చుట మాత్రమే యైనచో బొమ్మలను విప్పనక్కఱలేదు. ఉన్నవి ఉన్నట్లు నకలు చేయవచ్చును. రెండు మూడు నిమిషముల పని. కాని అక్షరములు అచ్చొత్తవలెనన్న ప్రతి బొమ్మను విప్పి, దానిపై వ్రాసి, మరల కుదింపవలెను. సెకనుకు 24 బొమ్మల చొప్పున 90 నిమిషముల చిత్రమున 1,29,600 బొమ్మలుండును. అందుచేత రూపము మార్చుకొను సమయముననే అచ్చొత్తుట మేలు; బొమ్మలు ఎట్లును విప్పబడుచునే యున్నవి గదా. మార్చినది యొకసారి, అచ్చొత్తినది మఱియొకసారి యైనచో రెండు కుదింపులు జరిగి బొమ్మ రెండుమార్లు మసకబాఱును. ప్రతికి ప్రతి, దానికి మరల ప్రతి వ్రాసిన తాళపత్రగ్రంథమున లేఖకదోషములు పెరిగినట్లే యిది.

ఈ పనికి ఉచితముగా లభించు సాధనములలో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, హ్యాండ్‌బ్రేక్ ప్రసిద్ధములు. మొదటిది ఆజ్ఞలు వ్రాసి నడుపునది, రెండవది బొత్తాములు నొక్కి నడుపునది. కుదింపునకు నాణ్యతాంకము ఒకటి యుండును. అది పెరిగినకొలది బొమ్మ చెడును. హెచ్.264కు సాధారణముగా వాడు కుదింపు సాధనమున అది 23గా నియతమైయున్నది. తెలుగు అక్షరములున్న చిత్రమునకు మేము 18 మొదలు 20 వఱకు వాడితిమి. ఫైలు కొంత పెద్దదగును, కాని అక్షరముల అంచున దుమ్ము వంటి మచ్చలు తగ్గును.

పాఠమును వ్రాసికొను రీతి మిక్కిలి సులభము. ఎస్.ఆర్.టి. అను విధానమున మొదట వరుససంఖ్య, క్రింది పంక్తిలో సంభాషణము మొదలగు క్షణము, ముగియు క్షణము, దాని క్రింద పాఠము, పిమ్మట ఒక ఖాళీపంక్తి. క్షణములను గంటలు, నిమిషములు, సెకనులు, సెకనులో వేయింటి భాగములుగా వ్రాయుదురు. ఏ సామాన్య లేఖనసాధనముననైనను దీనిని వ్రాయవచ్చును. ఒక్క నియమము మాత్రము విడువరాదు: ఫైలును యు.టి.ఎఫ్-8 సంకేతమున భద్రపఱుపవలెను. పాత సంకేతమున భద్రపఱచినచో తెలుగు అక్షరములన్నియు ప్రశ్నార్థకచిహ్నములుగా మారును. మారిన పిదప వానిని వెనుకకు మార్చు ఉపాయము లేదు. అను మొదలగు పాత ముద్రణ ఫాంట్లలో కూర్చిన పాఠము కూడ పనికిరాదు. అది చూచుటకు తెలుగు, లోపల రోమను అక్షరములు. దానిని ముందుగా యూనికోడునకు మార్చుకొనవలెను.

ఇక మా శాఖకు చెందిన విషయమునకు వచ్చుచున్నాము. పెక్కురు తెలుగు ఉపశీర్షికలు చెడుటకు కారణము ఫాంటు లేకపోవుటయే యని తలంతురు. ఫాంటు ఉండియు చెడును. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణముననే తెలుగునకు స్థానము దొరికినది. అందు హల్లులు, అచ్చులు, గుణితచిహ్నములు, పొల్లు వేఱువేఱు సంకేతములు. వత్తులకు ప్రత్యేక సంకేతములు లేవు. ‘స్త్రీ’ యను ఒక్క అక్షరమును తీసికొందము. మన కంటికిది ఒక్కటి. యంత్రముయొక్క స్మృతిలో ఇది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారచిహ్నము అను ఆఱు సంకేతములు, యు.టి.ఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు గనుక మొత్తము 18 బైట్లు. చివర వచ్చిన ఈకారచిహ్నము తెరపై చివర నిలువరాదు. అన్నిటికంటె ముందున్న సకారము తలపై నెక్కవలెను. తకారము, రేఫము వత్తులై దిగవలెను. ‘కై’ యందలి ఐత్వమైతే ఒక్క సంకేతమే రెండుగా చీలి కొంత పైన, కొంత క్రింద నిలుచును. ఈ కూర్పును చేయునది ఫాంటు గాదు. ఫాంటునందలి నియమములను చదివి అమలుపఱచు ప్రత్యేకసాధనము. హార్ఫ్‌బజ్ అనునది అట్టిది. ఉపశీర్షికలను బొమ్మపై వ్రాయు లిబ్‌ఆస్ అను సాధనము హార్ఫ్‌బజ్‌ను ఆశ్రయించి పని చేయును. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లిబ్‌ఆస్‌ను ఆశ్రయించును. ఈ గొలుసులో ఒక్క కొక్కెము లేకున్నను వత్తులు విడి, గుణితములు చెదరి, పొల్లులు బయటపడును.

మాకట్లే జరిగినది. రెండవ ప్రయత్నమున ఒక మిత్రుని కంప్యూటరులో రాత్రియంతయు అచ్చొత్తించితిమి. ఉదయము చూడగా ‘అమ్మ’ యను మాట ‘అమ్’ ప్రక్కన ‘మ’గా నుండెను. ఆ యంత్రముననున్న కూర్పు అక్షరసంయోజనము లేకుండ తయారైనది. అది స్థిరలిఖితము గనుక దిద్దుటకు వీలు లేదు. పాఱవేసి మరల మొదలుపెట్టవలసి వచ్చెను. అప్పటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. చిత్రమంతయు అచ్చొత్తుటకు ముందు ఒక్క నిమిషపు ముక్కపై ‘స్త్రీ, రాష్ట్రము, కర్తృత్వము, కై, క్షౌరము, జ్ఞప్తి, రాజ్‌కుమార్’ అను మాటలను అచ్చొత్తి చూతుము. చివరి మాట ఎందులకనగా, జకారపు పొల్లు తరువాత కంటికి కనబడని విభాజకసంకేతము ఒకటి యుండవలెను. అది లేనిచో కకారము వత్తై ‘రాజ్కుమార్’ అగును. ఇటలీ పేర్లలో ఇట్టివి తఱచు. కొన్ని లేఖనసాధనములు ఆ సంకేతమును చెత్త యని యెంచి తొలగించివేయును.

ఫాంటుల విషయమున నేడు కొఱత లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడు తెలుగు వ్యాప్తికి తొలినాళ్ల నుండి తోడ్పడినవి. సిలికానాంధ్ర వెలువరించిన మండలి, రామభద్ర, సూరన్న, మల్లన్న మున్నగునవి ఉచితముగా లభించుచున్నవి. బమ్మెరకు కూతవేటు దూరముననున్న మండలమునకు పోతన ఫాంటే వాడవలెనని మాకు ముచ్చట కలిగినది గాని సన్నని గీతలు గల అక్షరము పుస్తకమునకు తగినట్లు తెరకు తగదు. మండలి వంటి సమమైన మందము గల అక్షరమే మేలని తేల్చితిమి.

తెల్లని అక్షరమునకు నల్లని అంచు కట్టుట రివాజు. అంచు పలుచనైనచో తెల్లని గోడపై అక్షరము మాయమగును. మందమైనచో అక్షరము లోపలి సందులు మూసికొనిపోవును. రోమను అక్షరములకు దీనివలన పెద్ద నష్టము లేదు. తెలుగున థకారమునకు, ధకారమునకు భేదము లోపలి చుక్క యొక్కటియే. అంచు బలిసినచో ‘కథ’ చదువువానికి ‘కధ’ యగును. ఎఱుపు, నీలము వంటి రంగుటక్షరములు కూడ కూడవు. కుదింపువిధానము వెలుగునకిచ్చిన సూక్ష్మత రంగులకియ్యదు. రంగుల వివరము నిలువున సగము, అడ్డమున సగమే మిగులును గనుక రంగుటక్షరము అంచులు అలుకుకొనిపోవును.

పంక్తుల ఎడము మఱియొక చిక్కు. పైపంక్తిలోని వత్తులును, క్రిందిపంక్తిలోని గుడులును ఒకదానినొకటి ఒరసికొనును. ‘రాష్ట్రము’ పైన, ‘స్త్రీకి’ క్రింద పడినచో చదువువానికి ముడి విప్పుటే పని. క్రిందిపంక్తి వత్తులు తెర అంచున తెగిపోకుండ అడుగున ఎక్కువ చోటు విడువవలెను. ఎస్.ఆర్.టి. పాఠమును ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అచ్చొత్తునపుడు తెర ఎత్తును 288 భాగములుగా లెక్కించి, అక్షరపరిమాణము 16గా తీసికొనును. ఇది రోమను లిపికి సరిపోవును. మేము 20గా పెంచి, అంచు తగ్గించి, సాధ్యమైనంతవఱకు ఒక్క పంక్తిలో ముగించితిమి.

కాలప్రమాణమున జరుగు మోసమును కూడ చెప్పవలెను. సినిమా సెకనుకు 24 బొమ్మలు. ఐరోపా డీవీడీలు పెక్కింటిలో అదే చిత్రము 25 బొమ్మల వేగమున నడచును. ఒకదానికి కట్టిన పాఠమును రెండవదానిపై అచ్చొత్తినచో మొదట సరిగానే తోచి, పదియవ నిమిషమునకు 24 సెకనులు, తొంబదియవ నిమిషమునకు 3 నిమిషముల 36 సెకనులు తేడా వచ్చును. మొదటి రెండు నిమిషములు చూచి తృప్తిపడినవారు మోసపోవుదురు. చివరి సంభాషణము నొకదానిని తప్పక చూడవలెను. డీవీడీలలోని ఉపశీర్షికలు పాఠము గాక చిన్నచిన్న బొమ్మలని కూడ గుర్తుంచుకొనవలెను. వానిని తెలుగు చేయుటకు మొదట అక్షరములుగా మార్చుకొనవలెను.

ఇంతవఱకు లిపిని గూర్చి. భాషను గూర్చి మాకు కలిగిన వాదములు ఇంతకంటె ఎక్కువ. మాకు ఇటాలియను రాదు. ఇంగ్లీషు పాఠమే ఆధారము. అందు మొదటి ముల్లు పేరుననే యుండెను. ఇటాలియను పేరు బహువచనము, ‘సైకిలు దొంగలు’. అమెరికాలో దీనినే ఏకవచనముగా ‘సైకిలు దొంగ’ యని చూపినారు. చివరకు ఆ తండ్రియు దొంగతనమునకు చేయి చాచునని యెఱిగినవారికి ఈ రెండింటి యంతరము బోధపడును. ఇంగ్లీషు నమ్మి మేమును ఏకవచనమే వ్రాసియుంటిమి. ఒకరు సకాలమున హెచ్చరించినందున అచ్చు పడక బయటపడితిమి.

రెండవ వాదము ప్రాంతీయభాషను గూర్చినది. బాలుడు బ్రూనో తండ్రిని ‘నాన్నా’ యని పిలువవలెనా, ‘బాపూ’ యని పిలువవలెనా? తాకట్టు అనవలెనా, గిర్వి అనవలెనా? శిష్టభాషను వాడిన అందఱకు పనికివచ్చునని పెద్దలైన సహోద్యోగి యొకరు వాదించినారు. ఆ మాటలో బలమున్నది. కాని ఇటలీవాడు రోము వీథిభాషలో మాటాడిన చిత్రమును చూపుచు, దేవరుప్పులవారికి మాత్రము పాఠ్యపుస్తకభాషను వినిపించుట న్యాయము గాదని మాకు తోచినది. ఈ ప్రాంతపు మాటలు పరుల తెరపై ఎట్లుండునో కూడ ఆలోచించితిమి. తెలంగాణ రైతాంగపోరాటమును గూర్చి 1979లో నిర్మింపబడిన ‘మాభూమి’కి మూలము కృష్ణచందర్ ఉర్దూ నవల, దర్శకుడు వంగదేశీయుడు గౌతమ్ ఘోష్. దానిని పరభాషవారు చూచునపుడు దొర, గడి, వెట్టి, బాంచెన్ అను మాటలకు బదులు వారికి కనబడునదేమి? యజమాని, భవనము, కూలి యని వ్రాసినచో కథయే మాఱిపోవును. మనకు చేయవలదని కోరుదానిని ఇటలీవారికి మనమేల చేయవలెను? ‘బాపూ’ యనియే వ్రాసితిమి. ‘గిర్వి’ యనియే వ్రాసితిమి.

చదువు వేగమును గూర్చి పాశ్చాత్యులు పెట్టుకొన్న లెక్కలు, అనగా పంక్తికి ఇంచుమించు 40 వర్ణములు, రెండు పంక్తులకు ఆఱు సెకనులు, మనకు నేరుగా పనికిరావు. యంత్రము ‘స్త్రీ’ని ఆఱుగా లెక్కించి పంక్తి నిడివి మించినదని హెచ్చరించును. ఛందస్సు చదివినవారు ఒకటిగా లెక్కింతురు. మేము ఛందస్సువారి లెక్కనే గైకొంటిమి. ఎంత వేగమున్న చాలునో మాకు తెలిపినది మూడవసారి జరిగిన ప్రదర్శనము. అక్షరములు ఈసారి నిలిచినవి. ముందువరుసలో ఏడవ తరగతి బాలిక యొకతె ప్రక్కనున్న అవ్వకు ప్రతిమాటయు చదివి వినిపించుచుండెను. ఉపశీర్షిక చదువురానివారికి లేనట్లే యను సంగతిని మేము లెక్కలోనికి తీసికొనలేదు. ఆ పిల్ల చదువుట ముగియకముందే మాట మాయమగుచు వచ్చెను, అవ్వ “అయిపోయిందా, ఏమన్నడు?” అని అడుగుచునే యుండెను.

అందుచేత పాఠమును మరల కుదించితిమి. సెకనుకు నాలుగు అక్షరములకు మించకుండ, నాలుగు సెకనుల మాటకు పదునాఱక్షరములుగా అమర్చితిమి. ప్రతిపదార్థము విడిచి తాత్పర్యము నిలుపవలసి వచ్చినది. సైకిలు పోయిన వీథిలో జనులందఱు ఒకేసారి అఱచు ఘట్టమున ఆఱు మాటలలో నాలుగింటిని వదలివేసితిమి. కేకలు వినబడుచునే యున్నవి, వాని భావము ముఖములలో కనబడుచునే యున్నది. ఇట్లు వదలుట కొందఱకు నచ్చలేదు. మాకును కొంత బాధయే.

పరిశోధకవిద్యార్థులకు ఒకటి రెండు మాటలు. అచ్చొత్తిన ప్రతిలో పాఠము బొమ్మయై పోవును గనుక మాటను వెదకుటకు గాని, పదసూచి కట్టుటకు గాని వీలుండదు. అచ్చొత్తుట ప్రదర్శనమునకే, పరిశోధనమునకు వేఱు పాఠమును, తాకని మూలచిత్రమును భద్రముగా నుంచుకొనవలెను. మన దేశపు 1957 నాటి శాసనము ప్రకారము చలనచిత్రముపై హక్కు అది ప్రచురితమైన మఱుసటి సంవత్సరాదినుండి 60 ఏండ్లు. కాని కథకు, సంభాషణలకు వేఱు హక్కులుండవచ్చును. అనువాదము కూడ హక్కుగలవారి యనుమతితో చేయదగినదే.

మా యొద్ద ఇప్పుడు ఒకే కాలసూచికతో రెండు పాఠములున్నవి. ఒకటి ‘బాపు’ పాఠము, రెండవది నెల్లూరి మిత్రులు కోరగా సిద్ధపఱచిన ‘నాన్న’ పాఠము. మూలచిత్రము ఒక్కటియే, కోరినవారికి కోరిన పాఠమును క్రొత్తగా అచ్చొత్తి యిచ్చుచున్నాము. ఏ పాఠమో, ఏ తేదీ నాటిదో ఫైలు పేరుననే వ్రాయుచున్నాము. ‘అమ్’ ప్రక్కన ‘మ’ నిలిచిన ఆ మొదటి ప్రతిని మాత్రము పాఱవేసితిమన్న మాటయే గాని తుడిచివేయలేదు. లిపిని గూర్చిన తరగతిలో విద్యార్థులకు దానిని చూపుచున్నాము.